గాలిమోటారు పెట్రోలు

రాజాంలో తెలివితక్కువవాళ్ళు ఎంతమంది ఉంటారని ఎవరైనా అడిగితే సీమోను మేస్త్రీ ఆలోచించకుండా "కార్లున్నోలందరూ" అనేవాడు. అని నవ్వేవాడు కాదు. ఇరవై రెండేళ్ళుగా వాళ్ళ బళ్ళు బాగుచేస్తున్నవాడికి అందులో నవ్వడానికేమీ కనిపించలేదు. కొత్త బండి కొన్నరోజున చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించిన పెద్దమనిషే, మూడు నెలల తర్వాత రేడియేటరులో చుక్క నీళ్ళు లేకుండా బొబ్బిలి దాకా పోయి, ఇంజను బిగిసిపోతే దిష్టి తగిలిందనేవాడు. ఇంకొకాయన దిగుడులో పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపేసి, బ్రేకులు కాల్చుకుని, తాటిచెట్టుకి గుద్దేసి, ఆ చెట్టుని రోడ్డు పక్కన ఉంచినవాణ్ణి తిట్టేవాడు. బానెట్టుకి పసుపు రాస్తారు గానీ లోపల నూనె మార్చరు. సీమోను లెక్కలో మన ఊరి మోటారు వైభవం ఇదీ.

సీమోనుది పాలకొండ దగ్గర ఒక పల్లె. తండ్రి బాప్టిస్టు మిషన్‌లో తోటపని చేసేవాడు. దొరల కారు కడగడంతో సీమోను చదువు మొదలైంది. యుద్ధం వచ్చినప్పుడు సైన్యంలో చేరి, అస్సాంలో మిలిటరీ మోటారు వర్క్‌షాపులో నాలుగేళ్ళు ఇంజన్లు విప్పి బిగించాడు. తిరిగొచ్చి రాజాంలో పాలకొండ రోడ్డు పక్కన తాటాకు షెడ్డు వేసుకున్నాడు. షెడ్డు వెనక రెండు గదుల ఇల్లు, ఇంట్లో పెళ్ళాం ఎలీసమ్మ, ముగ్గురు పిల్లలు. షెడ్డున్న జాగా, ఇల్లున్న జాగా రెండూ రైసుమిల్లు నరసింగరావువి. కాగితమేమీ లేదు. ఆయన "ఉండరా" అన్నాడు, ఇతను ఉన్నాడు. పొమ్మన్నరోజున పోవాలని ఇద్దరికీ తెలుసు కనక ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు.

మనిషి పొట్టి, మాట అంతకన్నా పొట్టి. ఆ పొట్టిమాటకే చుట్టుపక్కల ఎక్కడా లేని విలువ ఉండేది. ఆ రోజుల్లో పాత బండి ఏదైనా చేతులు మారాలంటే అమ్మేవాడూ కొనేవాడూ ఇద్దరూ సీమోను షెడ్డు ముందుకి రావలసిందే. సీమోను పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని అయిదు నిమిషాలు కూర్చునేవాడు. తర్వాత లేచి చేతులు తుడుచుకుంటూ "పర్లేదు" అనో, "వద్దు" అనో అనేవాడు. "పర్లేదు" అంటే బేరం అయిపోయినట్టే. "వద్దు" అంటే అమ్మేవాడు మారుమాట్లాడకుండా బండి తోలుకుపోయేవాడు. శ్రీకాకుళం నుంచీ, పార్వతీపురం నుంచీ కూడా ఆ ఒక్కమాట కోసం వచ్చేవారు. రిపేరుకి కూలి తీసుకునేవాడు గానీ ఆ మాటకి మాత్రం తీసుకునేవాడు కాదు. తీసుకుంటే అది పాడైపోతుందని అతని నమ్మకం.

అలా వచ్చిన పెద్దమనుషులే తమ ఇంటికి పిలిపించుకున్నప్పుడు సీమోనుని అరుగు కింద నిలబెట్టి, విడిగా ఉంచిన గ్లాసులో కాఫీ పోయించేవారు. కారు కడుపులో మోచేతి దాకా చెయ్యిపెడితే మైల లేదు, గడపలో కాలు పెడితే ఉంది. సీమోను ఆ గ్లాసు ముట్టుకునేవాడు కాదు. "ఇంజను కాడ నా మాటే మాట. అక్కడ ఎంతోడైనా నా యెనకాలే నిలబడాల" అని ఎలీసమ్మతో అనేవాడు. అతనికున్న ఆస్తంతా అదే. తక్కినదంతా నరసింగరావుది.

ఈ నరసింగరావు ధాన్యం మనిషి. బియ్యంలో ఎంత నూక కలిపితే కొనేవాడికి తెలియదో ఆయనకి నిద్రలో కూడా తెలుసు. తక్కిన ప్రపంచం గురించి మాత్రం ఆయనకి ఒకటే సిద్ధాంతం ఉండేది. బలమైనది మంచిది, ఇంకా బలమైనది ఇంకా మంచిది. కొత్తరకం వరికి బస్తా యూరియా వెయ్యమంటే మూడు బస్తాలు వేయించాడు. చేను నడుమెత్తున పచ్చగా లేచి, గింజ పట్టకుండా నేలకి ఒరిగిపోయింది. డాక్టరు రోజుకి రెండు చెంచాలు తాగమన్న టానిక్కు ఒక్కపూటలో సీసాడు తాగి, మర్నాడంతా పెరట్లోనే గడిపాడు. ఇలాంటివాటి వల్ల సిద్ధాంతం మారుతుందా? తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

ఆయనకి ఒక నల్లకారు ఉండేది. విజయనగరంలో ఎవరో జమీందారుల దగ్గర కొన్న పాతబండి. చీపురుపల్లి దారిలో ఎత్తు ఎక్కేటప్పుడు దాని ఇంజను టకటకా కొట్టుకునేది. సిలిండర్ల నెత్తిన మసి పేరుకుపోయింది, హెడ్డు విప్పి ఆ మసి గీకేస్తే పోతుంది, ఒక్కపూట పని అని సీమోను మూడేళ్ళుగా చెబుతూనే ఉన్నాడు.

"జమీందార్ల కారు తల విప్పేస్తావేట్రా? నీకు మతుందా?" అనేవాడు నరసింగరావు.

"సరే బాబూ, అలగే కొట్టుకోనీండి" అని సీమోను తన పని చూసుకునేవాడు.

అరవై ఎనిమిదో సంవత్సరం వేరుసెనగకి గొంగళిపురుగు పట్టింది. మందు జల్లడానికి ఎచ్చెర్ల అవతల బీడులోకి చిన్న విమానం, జనం మాటలో గాలిమోటారు, వచ్చింది. జనం బళ్ళు కట్టుకుని, చద్ది మూటలు కట్టుకుని చూడబోయారు. పురుగు చచ్చిందో లేదో చూసినవాడు లేడు, గాలిమోటారు చూడనివాడు లేడు. పదిహేను రోజులకి అది వెళ్ళిపోయింది. దాని పెట్రోలు మాత్రం ఎనిమిది డ్రమ్ములు మిగిలిపోయి, ఎలా వచ్చాయో ఎవరూ అడగని పద్ధతిలో నరసింగరావు మిల్లు గొడౌనులోకి వచ్చి చేరాయి. మూత తీసి చూస్తే పెట్రోలు పచ్చగా ఉంది. ఆ పచ్చదనం చూడగానే ఆయనకి మతిపోయింది. ఆకాశంలోకి ఎత్తిన సరుకు రోడ్డు మీద ఏం చెయ్యదు?

ఆ రోజే కారు టాంకీలో పోయించి, డ్రైవరు సోములుని తీసుకుని చీపురుపల్లి ఎత్తు మీదికి పోయాడు. ఈసారి ఇంజను కొట్టుకోలేదు. మెత్తగా, చప్పుడు లేకుండా ఎక్కేసింది. నరసింగరావు తొడ చరిచాడు. సోములు పన్నెండేళ్ళుగా ఆయన మనసు చూసి స్టీరింగు తిప్పుతున్నవాడు.

"బాబూ, ముందు సక్రాలు నేలకి ఆనటం నేదు. బండి పైకి లేస్తన్నాది, నాను బలంగా అదిమి పట్టుకున్నాను" అన్నాడు.

దున్నపోతు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకం. సాయంత్రానికి ఆ మాట ఊరంతా పాకింది. నల్లకారు కల్వర్టు దగ్గర రెండు జానలు గాల్లోకి లేచిందని కాఫీ హోటల్లో ఒకడు చెబితే, కళ్ళారా చూశానని ఇంకొకడు సాక్ష్యం పలికాడు.

నరసింగరావు ఏ వస్తువునైనా అమ్మకుండా ఎక్కువసేపు చూడలేడు. ఎనిమిది డ్రమ్ములూ తన ఒక్క కారే తాగదు కదా. పాలకొండ, బొబ్బిలి, చీపురుపల్లి కార్లవాళ్ళకీ జీపులవాళ్ళకీ కబురుపెట్టాడు. వాళ్ళు వింటున్నారు గానీ తెగించడం లేదు. అందరిదీ ఒకటే ప్రశ్న: సీమోను ఏమన్నాడు?

అప్పుడు సీమోనుకి పిలుపు వచ్చింది. మిల్లు ఆవరణలో, సోములు చూస్తుండగా, నల్లకారు పక్కన నిలబెట్టి, నరసింగరావు మొదట పెట్రోలు రంగు చూపించాడు, తర్వాత ఎత్తు ఎక్కిన కథ చెప్పాడు. సీమోను వేలు ముంచి వాసన చూశాడు.

"దీన్ని నాను అస్సాంలో సూసినాను బాబూ. సరుకు మంచిదే. మన బళ్ళకి కాదు."

"మంచిదైతే మనకెందుకు కాదురా?"

"గాలిమోటారు ఇంజను పెట్రోలుని బిగబట్టి నొక్కుతాది. అంత నొక్కుడుకి మామూలు పెట్రోలైతే ముందే అంటుకుపోతాది. అంచేత అంటుకోకుండా ఓర్సుకున్న పెట్రోలు దానికి కావాల. ఇది ఓర్పున్న పెట్రోలు బాబూ, బలమున్న పెట్రోలు కాదు. మన ఇంజను అంత నొక్కదు. దీనికి ఆ ఓర్పుతో ఏటి పని?"

"మరి ఎత్తు మీద చప్పుడు ఎలా పోయింది?"

"మసి పట్టిన ఇంజను కదా, మామూలు పెట్రోలు తొరగా అంటుకుని కొట్టుకుంటన్నాది. ఇది తొరగా అంటుకోదు, అంచేత కొట్టుకోటం నేదు. సప్పుడు తగ్గినాది గానీ బలం పెరగనేదు. మసి గీకేస్తే ఆ సప్పుడు మామూలు పెట్రోలుతోనే పోతాది. ఇంకో మాట. దీంట్లో సీసం ఎక్కువ. నెమ్మదిగా తోలితే ఆ సీసం ప్లగ్గుల మీద గింజలు గింజలుగా పేరుకుంటాది. అస్సాంలో సోల్జర్లు ఇలగే లారీల్లో పోసి, వారానికోసారి ప్లగ్గులు గీక్కుని సచ్చినారు."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. నరసింగరావుకి వీటిలో ఒక్క ముక్కా ఎక్కలేదు. ఎక్కింది ఒకటే, తన జాగాలో షెడ్డు వేసుకున్నవాడు తన పెట్రోలుని కాదంటున్నాడు. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"సంతనాడు అందరూ వస్తారు. నువ్వూ వచ్చి, అలవాటు ప్రకారం చెవిపెట్టి విని, నీ మాట చెప్పు. అన్నట్టు ఆ పాలకొండ రోడ్డు జాగాలో గొడౌను కట్టమని మా తమ్ముడు పోరుతున్నాడు. ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాను" అన్నాడు.

సీమోను ఇంటికి వచ్చి ఎలీసమ్మతో ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. ఏరడం ఆపకుండానే అంది.

"ఒక్కమాట సెప్పేస్తే ఏటౌతాది? ఆ కార్లోలు మనకి సుట్టాలా, పక్కాలా? సెడిపోతే ఆల బళ్ళే సెడతాయి. ముగ్గురు పిల్లల్ని ఏ సెట్టు కిందకి తోలుకుపోతావు?"

"అలా సెప్పినాక ఇంకెవులు నమ్ముతారే నన్ను?"

"నమ్మితే కూడొస్తాదేటి? నమ్మినోలు నీకు ఓ సెంటు బూవి ఇచ్చినారా?"

అందులో అబద్ధమేమీ లేదు. ఇరవై రెండేళ్ళు అతని మాట మీద వందల బేరాలు జరిగాయి, ఆ మాటకి నిలువనీడ ఇచ్చినవాడు ఒక్కడూ లేడు. సంత దాకా ఉన్న నాలుగు రోజులూ సీమోను ఆ కార్లవాళ్ళని తిట్టుకుంటూ గడిపాడు. వాళ్ళు తెలివితక్కువవాళ్ళు, పచ్చరంగు చూసి నోరు తెరిచేవాళ్ళు, తనని అరుగు కింద నిలబెట్టినవాళ్ళు. వాళ్ళకి ఈ పెట్రోలే తగినది. ఇలా ఎంత తిట్టుకున్నా ఎక్కడో ఒకచోట మనసు ఒప్పుకోలేదు. ఒప్పుకోనందుకు మనసుని కూడా తిట్టుకున్నాడు.

సంతనాడు మిల్లు ఆవరణలో పన్నెండుమంది కార్ల ఆసాములు, ముగ్గురు జీపులవాళ్ళు, ఊరికే చూడొచ్చినవాళ్ళు వందమంది చేరారు. మిషన్ ఆసుపత్రి కాంపౌండరు డేవిడ్‌రాజు కూడా ఆసుపత్రి జీపుతో వచ్చాడు. నల్లకారు బానెట్టు ఎత్తి ఉంది. సోములు ఇంజను స్టార్టు చేశాడు. సీమోను స్క్రూడ్రైవరు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఇంజను ఎప్పుడూ ఎలా తిరుగుతుందో అలాగే తిరుగుతోంది. మసి అలాగే ఉంది, రెండో వాల్వు అలాగే వదులుగా ఉంది. దానికి ఈ పెట్రోలు వల్ల వచ్చింది లేదు, పోయింది లేదు, ఇంకా ప్లగ్గుల పని మొదలవలేదు అంతే. అయిదు నిమిషాలు అయిపోయాయి. సీమోను కళ్ళు తెరవలేదు. పదినిమిషాలు కూడా అయిపోయాయి. జనం అది గొప్ప పరీక్ష అనుకుని ఊపిరి బిగబట్టారు.

లేచాడు. చేతులు తుడుచుకున్నాడు. నరసింగరావు మొహం చూడకుండా "పర్లేదు" అన్నాడు.

ఎవరూ రెండో ప్రశ్న వెయ్యలేదు. డ్రమ్ముల మూతలు తీశారు. చీకటి పడకముందే ఏడు డ్రమ్ములు ఖాళీ అయిపోయాయి. డేవిడ్‌రాజు రెండు డబ్బాలు నింపించుకుని, వెళుతూ వెళుతూ "నువ్వు సెప్పినావు కాబట్టి పట్టించినాను సీమోనూ" అన్నాడు. సీమోను తల ఊపాడు. ఊపకపోతే ఏమయ్యేదో గానీ ఊపాడు.

మూడో వారానికల్లా బళ్ళు ఒక్కొక్కటే షెడ్డుకి రాసాగాయి. ఒకటి మూడు సిలిండర్ల మీద కుంటుతూ వచ్చింది, ఇంకొకటి ఎడ్లు లాగితే వచ్చింది. ప్రతి ప్లగ్గు మొన మీదా బూడిదరంగు గింజలు. సీమోను నోరు మెదపకుండా గీకి, తుడిచి, బిగించి పంపేవాడు. చిత్రమేమిటంటే ఆసాములు పెట్రోలుని ఒక్కమాట అనలేదు. "సరుకు బలమైనది కదా, మా ఇంజను తట్టుకోలేకపోతోంది" అని తమ బండినే చిన్నబుచ్చుకున్నారు. ఒకాయన ఈ పెట్రోలుకి తగ్గట్టు కొత్త కారు కొందామా అని కూడా అడిగాడు. సీమోను వాళ్ళని మునుపటిలా మనసారా తిట్టుకోలేకపోయాడు. వాళ్ళ తెలివితక్కువతనం కింద ఈసారి తన సంతకం ఉంది.

ఇదంతా అలాగే సద్దుమణిగేదేమో. నరసింగరావు మేనల్లుడి పెళ్ళి దాన్ని బయటపెట్టింది.

పెళ్ళికొడుకు ఊరేగింపు నల్లకారులో. సాయంత్రం నాలుగింటికి బయలుదేరింది. ముందు సన్నాయి మేళం, దాని ముందు గరగలవాళ్ళు, వాళ్ళు ప్రతి వీధి మలుపులోనూ ఆగి ఆడాలి. ఎత్తు మీద గాల్లోకి లేచిన కారు మనిషి నడక మీద, మొదటి గేరులో, గంటన్నర పాకింది. గాలిమోటారు పెట్రోలు పాకుడికి పనికిరాదు, సీసం ప్లగ్గుల మీద పేరుకుపోతుంది. కూరగాయల బజారు దగ్గరకి వచ్చేసరికి ఇంజను ఒకసారి దగ్గింది, రెండోసారి దగ్గింది, పొగ గొట్టంలోంచి పెద్ద చప్పుడొచ్చి ఆగిపోయింది. గరగలవాళ్ళు బెదిరి పక్కకి తప్పుకున్నారు. సోములు హేండిలు పెట్టి తిప్పాడు. ఒళ్ళంతా చెమట పట్టింది గానీ బండిలో చలనం లేదు. పెళ్ళికొడుకు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఆఖరికి బెండకాయలు దింపుతున్న బండి ఎడ్లని విప్పి కారుకి కట్టారు. ఆకాశంలోకి లేచే కారుని ఎడ్లు లాక్కుపోతుంటే అరుగుల మీద ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

నరసింగరావు ఎర్రబడ్డాడు. చుట్టూ పెళ్ళివారు, ఊరివాళ్ళు, పెట్రోలు కొన్న ఆసాములు. ఏదో ఒకటి అనాలి. జనంలో ఎలీసమ్మతో నిలబడి ఉన్న సీమోను కనిపించాడు.

"నాకేం తెలుసు? నేను బియ్యం అమ్ముకునేవాణ్ణి!" అని అరిచాడు. "ఇంజనులో చెవి పెట్టి విన్నది ఎవరు? అందరి ముందూ పర్లేదన్నది ఎవరు? సీమోను చెప్పాడు, నమ్మాను. మీరూ నమ్మారు. వీడు మనందరి బళ్ళూ పాడుచేశాడు!"

నూట యాభైమంది సీమోను వైపు తిరిగారు. మిల్లు ఆవరణలో పెట్రోలు రంగు చూపించినప్పుడు తాను చెప్పిందంతా నోటిదాకా వచ్చింది. కానీ అదంతా ఆయనకి చెప్పినది, అక్కడ సోములు తప్ప సాక్షి లేడు. వీళ్ళందరూ చెవులారా విన్నది ఒక్కటే మాట. ఆ మాట అతనిదే. డేవిడ్‌రాజు మెల్లగా ముందుకి వచ్చాడు.

"తెలిసి సెప్పినావా, తెలీక సెప్పినావా సీమోనూ?"

తెలియక చెప్పానంటే పనివాడు కాకుండా పోతాడు. తెలిసి చెప్పానంటే మనిషి కాకుండా పోతాడు. సీమోను ఏదీ అనలేదు. అనకపోతే ఏ అర్థం వస్తుందో డేవిడ్‌రాజుకి తెలిసింది. ఆయన జీపు ఎక్కి వెళ్ళిపోయాడు. ఎడ్లు కారుని లాగాయి, మేళం మళ్ళీ మొదలైంది.

ఇంటికి వచ్చాక ఎలీసమ్మ చాలాసేపు పొయ్యి ముందు కూర్చుంది. వండలేదు.

"నువ్వే కదా సెప్పమన్నావు" అన్నాడు సీమోను.

"నానే సెప్పమన్నాను. ఆడదాన్ని, పిల్లలకేసి సూసి అన్నాను. నివ్వు నిజంగా సెప్పేస్తావని నానెప్పుడూ అనుకోనేదు" అంది ఎలీసమ్మ.

నరసింగరావు మాత్రం చాలా పెద్దమనసు చూపించాడు. ఇంత జరిగినా షెడ్డు తియ్యమనలేదు. "పిల్లలున్నవాడు, పోనీ" అన్నాడట. ఊరు ఆయన దయని మెచ్చుకుంది. మిగిలిన ఒక్క డ్రమ్మూ మిల్లులో లాంతర్లు తుడవడానికి వాడుకున్నారు. రిపేర్లకి బళ్ళు మునుపటిలాగే వస్తున్నాయి, పని తెలిసినవాడు ఇంకొకడు లేడు కనక. సీమోను ఏ నీడ కోసం ఆ మాట అన్నాడో ఆ తాటాకు నీడ అలాగే ఉంది. ఒక్క మార్పు. పాత బండి బేరాలు షెడ్డు ముందుకి రావడం మానేశాయి.

ఏడాది గడిచింది. ఒక పొద్దున చీపురుపల్లి కంట్రాక్టరొకడు పాత జీపు తోలుకుని ఒక్కడే వచ్చాడు. చేతిలో రెండు నాటుకోళ్ళు. వాటిని గుమ్మం దగ్గర పడేసి, గొంతు తగ్గించి అన్నాడు.

"మద్దేనం గంగులు ఒస్తాడు మేస్త్రీ. ఈ జీపు కొంటన్నాడు. నరసింగరావుగోరికి సెప్పినావు కదా, అలగే నాకూ ఓ మాట సెప్పు."

ఇన్నేళ్ళలో ఎంత పెద్ద దొంగైనా సీమోనుతో ఇలా అనడానికి నోరు తెరవలేదు. వీడు సిగ్గు కూడా పడకుండా, అంగడిలో బెల్లం అడిగినట్టు అడిగాడు. సీమోను కోళ్ళని కాళ్ళు పట్టి లేపి రోడ్డు మీదికి విసిరాడు. కంట్రాక్టరు నవ్వి, "రేటు పెరిగినాదేటి?" అని, కోళ్ళని ఏరుకుని పోయాడు. జీపు అక్కడే ఉంచాడు. సీమోను దాని దగ్గర కూర్చుని చెవిపెట్టి విన్నాడు. ఇంజను బ్లాకు పగిలి ఉంది. పగులులో ఏదో మెత్తి, పైన రంగు వేశారు. మూడో సిలిండరులోకి నీళ్ళు దిగుతున్నాయి. వంద మైళ్ళు పోతే ఎక్కువ.

గంగులు ఎడ్లబండి తోలుకునేవాడు. ధాన్యం మూటలు రాజాం నుంచి పొందూరు దాకా తోలి తోలి, తనకీ ఒక మోటారు ఉండాలని ఆశపడ్డాడు. శ్రీముఖలింగం యాత్రకి మనుషుల్ని తీసుకెళ్ళే జీపు పెడదామని జత ఎడ్లనీ, బండినీ, పెళ్ళాం మెడలోని పుస్తెలతాడునీ అమ్మేశాడు. మధ్యాహ్నం కంట్రాక్టరుతో కలిసి వచ్చాడు. సీమోను లేచి, కంట్రాక్టరుని చూడకుండా గంగులునే చూస్తూ "వద్దు" అన్నాడు.

కంట్రాక్టరు మారుమాట్లాడకుండా పోవాలి. పోలేదు. బీడీ ముట్టించుకుని జీపుకి ఆనుకుని నిలబడ్డాడు. గంగులు తల గోక్కున్నాడు.

జీవితంలో మొదటిసారి సీమోను ఒక్కమాటతో ఊరుకోలేకపోయాడు. "బ్లాకు పగిలున్నాది గంగులూ. లోపల నీళ్ళు దిగుతన్నాయి. ఇక్కడ సూడు, ఈ రంగు కింద గోరెట్టి సూడు. ఎడ్లని అమ్మినావు, ఇంకేటి మిగలదు నీకు" అన్నాడు.

గంగులు గోరు పెట్టి చూడలేదు. వంగి సీమోను చెవి దగ్గరగా, ఎవరికీ వినిపించకుండా, ఎంతో మర్యాదగా అడిగాడు.

"కోప్పడకు మేస్త్రీ. ఈ మాట సెప్పమన్నది ఎవులు?"

సీమోనుకి మొదట అర్థం కాలేదు.

"పాలకొండోడొకడు ఇదే జీపు అడుగుతన్నాడని ఈ బాబు సెప్పినాడు. ఆడేనా? పర్లేదు సెప్పు. నీకూ పిల్లలున్నారు, నాను తప్పట్టను."

"ఎవులూ సెప్పనేదురా! నా సెవితో నాను విన్నాను. బైబిలు మీద సెయ్యేసి పెమాణం సేస్తాను. నా పిల్లల మీద ఒట్టు!"

గంగులు బాధగా చూశాడు. వెక్కిరింపు కాదు, అతనికి వెక్కిరించడం రాదు.

"అంత పెద్ద ఒట్టెందుకు మేస్త్రీ? మునుపు ఒక్కమాటతో సరిపోయేది కదా" అన్నాడు.

తర్వాత గంగులూ కంట్రాక్టరూ పక్కకి పోయి బేరం కుదుర్చుకున్నారు. గంగులు సీటు మీద కొత్త తువ్వాలు పరుచుకుని, రాముడికి దండం పెట్టుకుని, జీపు తోలుకుపోయాడు. మూడో సిలిండరు చప్పుడు రోడ్డు మలుపు దాకా సీమోనుకి స్పష్టంగా వినిపించింది.